క్రీడారంగమున ప్రేక్షకుల ధర్మము

(మన సంఘ వార్షిక మహాసభయందు రెండవ దినమున చేసిన ఉపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతి గృహమును గూర్చియు, వివాహములయందలి దుర్వ్యయమును గూర్చియు పెద్దలు ఉదయమునుండి ప్రసంగించిరి. నన్ను క్రీడలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు ఆజ్ఞాపించిరి. వ్యాయామమువలన దేహదార్ఢ్యము కలుగుననియు, క్రమశిక్షణ అలవడుననియు మీరందరు ఎరిగినదే. కావున నేడు ఆడువారిని గూర్చి గాక, చూచువారిని గూర్చి మాటలాడ దలచితిని. మనలో ఆడువారు పదులు, చూచువారు వేలు. పదిమందికి చెప్పవలసిన ధర్మములు పుస్తకములనిండ కలవు. వేలమందికి చెప్పవలసినవి చెప్పువారు అరుదు.

క్రీడను వృత్తిగా గైకొని జీవించు ఆటగాండ్రను ప్రేక్షకులు నోటికి వచ్చినట్లు దూషించుట నేడు దేశదేశములయందు పెరిగినది. మైదానమున కేకలతోను, సెల్‌ఫోనులో వ్రాతలతోను ఈ దూషణ సాగుచున్నది. ఆటగాని రంగు, మతము, కులము, తల్లిదండ్రులు, భార్యాబిడ్డలు, దేనిని విడుచుట లేదు. మన సభకు దీనితో నేమి పని యని మీ రడుగవచ్చును. మిక్కిలి పని కలదని మనవి చేయుటకే నేను నిలుచుంటిని.

విమర్శ వేరు, దూషణ వేరు

ఆట చూచుట మనకు క్రొత్త విద్య కాదు. పల్లెలలో కుస్తీలను, చెడుగుడును, తిరునాళ్లలో ఎడ్ల పందెములను చూచిన జనమే నేడు క్రికెట్టును చూచుచున్నది. నాటకశాలలో పద్యము రక్తిగా పాడిన నటునిచేత "వన్సుమోరు" అని మరల పాడించినదియు మన జనమే. పాడలేనివానిని ఈలలతో వేదిక దింపినదియు మన జనమే. కావున ప్రేక్షకుడు మౌనముగా కూర్చుండవలెనని నేను చెప్పుట లేదు. బంతిని జారవిడిచినవానిని చూచి "అయ్యో, పట్టవలసినది" అనుట ప్రేక్షకుని హక్కు. జట్టు ఎంపిక తప్పనుటయు, వ్యూహము చెడ్డదనుటయు అతని హక్కే. ఇది ఆటను గూర్చిన మాట. "నీ జాతివారు ఇట్టివారే" యనుట ఆటను గూర్చిన మాట కాదు. మొదటి మాటకు ఆటగాడు రేపటి ఆటతో సమాధానము చెప్పుకొనగలడు. రెండవ మాటకు ఏమి సమాధానము చెప్పగలడు? పుట్టుకను మార్చుకొని రాలేడు కదా.

పూర్వము కేక వేసినవాని ముఖమును ఊరివారందరు ఎరుగుదురు. హద్దు మీరినచో మరునాడు చావడియొద్ద అతనిని నిలిపి అడుగు పెద్దలుండిరి. నేడో, ఏబదివేలమందిలో కేక వేసినవాడు ఎవడో ప్రక్కవానికి తప్ప తెలియదు. సెల్‌ఫోనులో వ్రాయువానికి మారుపేరు కలదు. అడుగువారు లేరన్న ధైర్యమే ఈ రోగమునకు మూలమని నాకు తోచుచున్నది.

సిడ్నీలో మన తెలుగునాటి బిడ్డలు

2021 జనవరిలో సిడ్నీ నగరమున భారత, ఆస్ట్రేలియా జట్లకు మూడవ టెస్టు మ్యాచి జరిగెను. మన హైదరాబాదునకు చెందిన మహమ్మద్ సిరాజ్ బౌండరీ తాటియొద్ద నిలిచి ఫీల్డింగు చేయుచుండగా, ప్రేక్షకులలో కొందరు అతనిని జాతిపరముగా దూషించిరి. జస్‌ప్రీత్ బుమ్రా కూడ దూషణకు గురియయ్యెను. మూడవ దినపు ఆట ముగిసిన పిదప భారత జట్టు ఫిర్యాదు చేసెను. నాల్గవ దినమున దూషణ మరల వినబడగా, సిరాజ్ తిన్నగా అంపైరు కడకు నడచివచ్చి చెప్పెను. ఆట సుమారు పది నిమిషములు నిలిచెను. ఆరుగురు ప్రేక్షకులను స్టేడియమునుండి వెలుపలికి పంపిరి.

ఆ దినమున ఆ యువకుని మనఃస్థితి ఎట్టిదో ఆలోచింపుడు. తండ్రి మహమ్మద్ గౌస్‌గారు హైదరాబాదు వీథులలో ఆటో నడిపి కుమారుని ఆటగానిని చేసెను. 2020 నవంబరులో సిరాజ్ ఆస్ట్రేలియాలో నుండగా ఆ తండ్రి పరమపదించెను. కుమారుడు కడసారి చూపునకు రాలేదు, జట్టుతోనే నిలిచెను. డిసెంబరు 26న మెల్బోర్నులో తొలి టెస్టు ఆడెను. రెండు వారములలో సిడ్నీలో ఈ మాటలు వినవలసివచ్చెను. మైదానము విడిచిపోవచ్చునని అంపైర్లు చెప్పగా, కెప్టెను అజింక్య రహానే "మేము తప్పు చేయలేదు, ఆడెదము" అను భావముతో నిరాకరించెనని సిరాజ్ తరువాత తెలిపెను.

ఐదవ దినమున కాకినాడలో జన్మించిన హనుమ విహారి తొడ కండరము పట్టివేయగా, పరుగెత్త శక్తిలేక, 161 బంతుల నెదుర్కొని 23 పరుగులతో అజేయుడై నిలిచెను. రవిచంద్రన్ అశ్విన్ అతనికి తోడుగా నుండెను. ఓటమి తప్పెను. పిదప బ్రిస్బేనులో సిరాజ్ రెండవ ఇన్నింగ్సున 73 పరుగులిచ్చి 5 వికెట్లు తీసెను. జనవరి 19న భారతదేశము గెలిచెను. 1988 తరువాత ఆ మైదానమున ఆస్ట్రేలియా టెస్టులో ఓడుట అదియే మొదలు.

ఈ కథను చెప్పినపుడెల్ల మనవారు "చూచితిరా, వికెట్లతో బుద్ధి చెప్పెను" అని సంతసింతురు. ఆ సంతోషము సహజమే. కాని ఒక ప్రశ్న వేసికొనుడు. బ్రిస్బేనులో అతనికి ఒక్క వికెట్టైనను దొరకకపోయినచో సిడ్నీ దూషణ న్యాయమై యుండెడిదా? గెలిచినవానికి మాత్రమే మర్యాద అని మనము ఒప్పుకొన్నచో, ఓడినవానిని దూషింపవచ్చునని ఒప్పుకొన్నట్లే.

మన యింటి తప్పులు

ఆస్ట్రేలియావారి తప్పును చెప్పి మనము చేతులు కడుగుకొనుట న్యాయము కాదు. 2007 అక్టోబరులో వడోదరలోను, తరువాత ముంబయిలోను ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్సును చూచి మన ప్రేక్షకులలో కొందరు కోతులవలె అరచిరి, కోతిచేష్టలు చేసిరి. అతడు కరీబియను వంశపు రక్తము కలవాడగుటయే అతడు చేసిన అపరాధము. సిడ్నీలో సిరాజ్ తిన్న దెబ్బ ఎట్టిదో, వడోదరలో సైమండ్సు తిన్న దెబ్బ అట్టిదే. ఒకటి మనకు నొప్పియై, రెండవది వినోదమైనచో మన న్యాయబుద్ధికి తూకపు రాళ్లు రెండు రకములున్నవన్నమాట.

పరదేశపువారిని మాత్రమే కాదు, మనవారినే మనము క్షమింపలేదు. 1996 మార్చి 13న కలకత్తా ఈడెన్ గార్డెన్సులో ప్రపంచ కప్పు సెమీఫైనలు జరిగెను. శ్రీలంక నిలిపిన లక్ష్యము 252 పరుగులు. ఒక వికెట్టునకు 98 పరుగులతో నున్న మన జట్టు 120 పరుగులకు ఎనిమిది వికెట్లు కోల్పోగా, ప్రేక్షకులు సీసాలు విసరిరి, ఆసనములకు నిప్పు పెట్టిరి. రిఫరీ క్లైవ్ లాయిడ్ ఆటను నిలిపి శ్రీలంక గెలిచినట్లు ప్రకటించెను. క్రీజునందు మిగిలియున్న వినోద్ కాంబ్లీ కన్నీరు కార్చుచు వెడలివచ్చుట లోకమంతయు చూచెను. 2015 అక్టోబరులో కటకమున మన జట్టు దక్షిణాఫ్రికాపై 92 పరుగులకే కుప్పకూలగా మరల నీళ్ల సీసాలే మైదానమున పడినవి.

ఈ అవమానము మన స్వభావమునందే కలదని ఎవరును అనకుందురుగాక. 1999 జనవరి 31న మద్రాసు చేపాకు మైదానమున పాకిస్థాను జట్టు మనపై 12 పరుగులతో గెలిచెను. టెండూల్కరు వెన్నునొప్పితో పోరాడి 136 పరుగులు చేసి, విజయము కనుచూపులో నుండగా ఔటయ్యెను. గుండె పగులు ఓటమి యది. ఐనను, గెలిచిన పాకిస్థాను ఆటగాండ్రు మైదానము చుట్టును నడచునపుడు చేపాకు ప్రేక్షకులు లేచి నిలిచి కరతాళధ్వనులు చేసిరి. మూడు వారములు గడువకమునుపే కలకత్తాలో అదే జట్టుతో జరిగిన మరియొక టెస్టులో టెండూల్కరు రనౌటు కాగా అల్లరి చెలరేగెను. తుదకు స్టేడియమును ఖాళీ చేయించి, శూన్యమైన ఆసనముల యెదుట ఆటను ముగించిరి. ఒకే దేశము, ఒకే ప్రత్యర్థి, ఒకే మాసపు వ్యవధి. కలకత్తావారు చెడ్డవారని నా భావము కాదు. ఆటను ప్రాణముగా ప్రేమించు నగరమది. గుంపునకు స్థిరమైన స్వభావము లేదు, ఎటు నడిపిన అటు నడచుననుటకే ఈ రెంటిని చెప్పితిని.

దీనికి మరియొక నిదర్శనము మన కన్నులయెదుట జరిగినది. 2024 ఐ.పి.ఎల్. పోటీలకు ముందు ముంబయి జట్టు యజమానులు రోహిత్ శర్మను మార్చి హార్దిక్ పాండ్యాను నాయకునిగా నియమించిరి. నిర్ణయము యజమానులది, శిక్ష ఆటగానికి. అహమ్మదాబాదులోను, మన హైదరాబాదులోను, తన జట్టు సొంత నగరమైన ముంబయిలోను జనులు అతనిని ఊళలతో అవమానించిరి. అదే సంవత్సరము జూను 29న ప్రపంచ కప్పు ఫైనలున చివరి ఓవరు అతడే వేసి దేశమును 7 పరుగులతో గెలిపించెను. జూలై 4న అదే ముంబయి వాంఖెడే స్టేడియమున అతని నామజపము జరిగెను. ఏప్రిలునందలి తిట్టు తప్పైనచో, తిట్టినవారిలో ఎందరు క్షమాపణ చెప్పుకొనిరి? జయధ్వానము క్షమాపణ కాదు. అది గెలుపునకు చెల్లించిన రుసుము.

కొందరు చెప్పు సమాధానములు

"కోట్ల ధనము పుచ్చుకొనుచున్నారు, నాలుగు మాటలు పడవలదా?" అని కొందరందురు. వైద్యుడు రుసుము పుచ్చుకొనును, న్యాయవాది పుచ్చుకొనును. రోగము కుదురనపుడు, వ్యాజ్యము ఓడినపుడు వారి తల్లిని తిట్టుటకు మనకు హక్కు కలుగునా? టిక్కెట్టు కొన్నవాడు ఆ పూట ఒక ఆసనమును, దానిలో కూర్చుండి ఆటను చూచు అనుమతిని కొన్నాడు. ఆటగాని నైపుణ్యము అమ్మకమునకు వచ్చినది గాని, అతని మానము రాలేదు. కోట్లు ఆర్జించువారు కొలదిమంది మాత్రమేయని కూడ మరువరాదు. జిల్లా జట్టులో, రాష్ట్ర జట్టులో బస్సు చార్జీలకు చూచుకొనుచు ఆడు పిల్లలు వేలు. తిట్టు మాత్రము అందరికిని సమానముగా పంచబడుచున్నది.

"అభిమానము చేతనే ఆగ్రహము" అని మరికొందరందురు. బిడ్డపై ప్రేమగల తండ్రి కోపించునుగాని, బిడ్డ పుట్టుకను తిట్టడు. మరియు నేటి ఆగ్రహములో అభిమానముకంటె పందెపు నష్టము హెచ్చుగా నున్నది. 2024 సంవత్సరమున టెన్నిస్ క్రీడాకారులు 458 మందికి సుమారు 8,000 దూషణ వ్రాతలు చేరినవనియు, వానిలో నూటికి నలువది జూదమున ధనము పోగొట్టుకొన్నవారు వ్రాసినవనియు ఆ క్రీడా సంస్థలే లెక్క తేల్చి 2025లో ప్రకటించినవి. మన దేశమున ధనము పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు 2025 ఆగస్టులో పార్లమెంటు శాసనము చేసినది. మన యువకులలో పందెములకు చిక్కినవారు లేరని చెప్పగలమా? పందెము కట్టినవాడు ఆటను చూడడు. తన సొమ్మును చూచుకొనును. సొమ్ము పోయినపుడు ఎదుట కనబడు ఆటగాడే దొంగగా తోచును.

కులమును వెదకు కన్ను

ఇక నేను చెప్పవలసిన ముఖ్య విషయమునకు వచ్చుచున్నాను. ఈ మాటను కుల మహాసభలో గాక వేరొకచోట చెప్పి ప్రయోజనము లేదు. కఠినముగా తోచినచో పెద్దలు మన్నింతురుగాక.

కులమునకును క్రీడకును మన దేశమున పాత సంబంధమే కలదు. అస్పృశ్యులని చెప్పబడిన కులమున 1876లో జన్మించిన పాల్వంకర్ బాలూ తన కాలపు బౌలర్లలో అగ్రగణ్యుడు. 1911లో ఇంగ్లండు యాత్రలో నూటికి పైగా వికెట్లు తీసెను. పూనాలో అతడు విసరిన బంతిని పైకులములవారు అంటుకొనిరి. విరామ వేళ అతనికి మాత్రము వెలుపల మట్టిపాత్రలో టీ పోసిరి. జట్టు నాయకత్వము అతనికి దక్కలేదు. 1923లో అతని తమ్ముడు విఠల్ హిందూ జట్టునకు నాయకుడగువరకు ఆ తలుపు తెరువబడలేదు.

ఆనాడు బొంబాయి పోటీలలో జట్లే మతములవారీగా నుండెను: హిందువులు, మహమ్మదీయులు, పార్సీలు, యూరోపియనులు, 1937నుండి తక్కినవారు. తెలుగు కుటుంబమున నాగపురమున జన్మించిన సి.కె. నాయుడుగారు 1926 డిసెంబరులో ఎం.సి.సి. జట్టుపై పదునొకండు సిక్సర్లతో 153 పరుగులు చేసినది హిందూ జట్టు పక్షముననే. 1932 జూనులో లార్డ్సు మైదానమున ఆయన తొలి భారత టెస్టు నాయకుడై నిలిచినపుడు ఆయన పరుగులు దేశమంతటి పరుగులయ్యెను. మతములవారీ పోటీలు తగవని 1940లో గాంధీమహాత్ముడు చెప్పెను; 1946తో అవి అంతరించినవి. మైదానమునుండి ఆ విభజన తొలగినది. ప్రేక్షకుల మనస్సులనుండి తొలగినదా?

2021 ఆగస్టు 4న టోక్యో ఒలింపిక్సున మన మహిళా హాకీ జట్టు సెమీఫైనలులో అర్జెంటీనా చేతిలో 2-1తో ఓడెను. ఆ జట్టులోని వందనా కటారియా అంతకు నాలుగు దినములముందే దక్షిణాఫ్రికాపై మూడు గోలులు చేసెను. ఒలింపిక్సులో అట్టి ఘనత సాధించిన తొలి భారత మహిళ ఆమెయే. మే మాసమున తండ్రి మరణించినను, శిక్షణ శిబిరమున నుండి అంత్యక్రియలకు పోజాలకపోయిన కుమార్తె ఆమె. సెమీఫైనలు ఓడిన దినమున హరిద్వారమునకు సమీపమందలి రోషనాబాదులో, ఆమె ఇంటి యెదుట, కొందరు టపాకాయలు కాల్చి ఎగిరిరి. జట్టులో దళితులు హెచ్చుగా నుండుటచేతనే ఓడితిమని కేకలు వేసిరని కుటుంబమువారు ఫిర్యాదు చేసిరి. పోలీసులు కేసు పెట్టి, నిందితులను అరెస్టు చేసిరి. రెండు దినములకు కాంస్య పతకపు పోటీలో ఆమె బ్రిటనుపై మరల ఒక గోలు చేసెను. 2022లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ నిచ్చెను.

ఇట్టి నీచపు పని మనము చేయలేదని మీరనవచ్చును. నిజమే. కాని దానికి ఐదేండ్ల ముందు, 2016 ఆగస్టులో, మన పి.వి. సింధు రియో ఒలింపిక్సున రజత పతకము గెలిచినపుడు ఏమి జరిగినది? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో అనేకులు ఆమె కులమేమని గూగులులో వెదకిరని నాటి పత్రికలన్నియు వ్రాసినవి. ఆమె ఏ వ్యాయామము చేసెనో, పుల్లెల గోపీచంద్ శిక్షణ ఎట్టిదో వెదకవలసిన దినమున కులమును వెదకిరి.

అది దూషణ కాదు, గర్వపడుటకు వెదకిరని చెప్పవచ్చును. అందులకే ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన ఉంచితిని. గెలుపునాడు "ఆమె మన కులమునకు చెందినది" అని చెప్పుకొనువాడు ఓటమినాడు "వారి కులము ఇంతే" అను వానికి మాట అందించుచున్నాడు. గెలుపునకు కులము కారణమైనచో ఓటమికిని కులము కారణము కావలసినదే కదా. ఒకడు పూలదండతో వచ్చెను, ఒకడు టపాకాయతో వచ్చెను. ఇరువురును ఆటగత్తె ఇంటికి ఒకే దారిన వచ్చిరి.

"మనవారిని మనము మెచ్చుకొనరాదా? అట్లైన ఈ సంఘమెందులకు?" అని అడుగువారికి నా మనవి యిది. మెచ్చుకొనవలయును. మన వసతి గృహమున అన్నము తిని, మన నిధినుండి బూట్లు కొనుక్కొని, మన పెద్దలు పెట్టిన రైలు చార్జీలతో పోటీకి పోయిన పిల్లవాడు గెలిచినచో గర్వించుటకు మనకు హక్కు కలదు. అది పెంచినవారి గర్వము. అట్టివారు ఆ పిల్లవాడు ఓడినపుడు కూడ స్టేషనుకు పోయి ఎదుర్కొని తీసికొనివత్తురు. ఎన్నడును అతని ఆకలిని అడుగక, పతకము వచ్చిన సాయంకాలము మాత్రము కులము పేరు చెప్పి వేదికపై ప్రక్కన నిలుచు గర్వమును నేను ఆక్షేపించుచున్నాను. మన పూర్వులు ఈ సంఘమును స్థాపించినది ఎందులకు? పుట్టుకను పట్టి మనుష్యుని కొలుచు లోకములో మన బిడ్డలు తలయెత్తి నడుచుటకు. ఆ కొలబద్దనే మనము చేతబట్టి పరుల బిడ్డలను కొలిచినచో వారి శ్రమ వ్యర్థము.

శాసనము, ప్రక్కవాడు

శాసనములు లేకపోలేదు. షెడ్యూల్డు కులములవారిని, తెగలవారిని ప్రజల యెదుట కులము పేరున దూషించుట 1989 నాటి అత్యాచార నిరోధ చట్టముననుసరించి నేరము. ఇంగ్లండున 1991 నాటి చట్టముచేత ఫుట్‌బాలు మైదానమున జాతి దూషణ నేరమైనది. దూషణ వినబడినచో రిఫరీ మొదట హెచ్చరిక చెప్పించి, పిదప ఆటను తాత్కాలికముగా నిలిపి, తుదకు రద్దు చేయవచ్చునని అంతర్జాతీయ ఫుట్‌బాలు సంస్థలు మూడు మెట్ల నిబంధన నేర్పరచినవి. 2023 మే నెలలో స్పెయినునందలి వాలెన్సియాలో వినీషియస్ జూనియరును జాతిపరముగా దూషించిన ముగ్గురికి 2024 జూనులో న్యాయస్థానము ఎనిమిది మాసముల జైలుశిక్ష విధించెను.

ఐనను శాసనమునకు హద్దు కలదు. సిడ్నీ వృత్తాంతపు ముగింపును నేనింకను చెప్పలేదు. ఆస్ట్రేలియా క్రికెట్టు సంస్థ విచారణ జరిపి, మన ఆటగాండ్రు జాతి దూషణకు గురియగుట నిజమేనని అంగీకరించెను. కాని వెలుపలికి పంపబడిన ఆ ఆరుగురు దూషించినవారు కారని తేల్చెను. అసలు దోషులు జనములో కలిసిపోయిరి. దూషణను చెవులార విన్నవారు వారి ప్రక్కన తప్పక యుందురు. వారు నోరు తెరచియున్నచో దోషి తప్పించుకొనెడివాడు కాడు. నిర్దోషి వెడలగొట్టబడెడివాడు కాడు. కావున ఈ రోగమునకు మొదటి వైద్యుడు ప్రక్క ఆసనమున కూర్చున్నవాడే. "తమ్ముడా, ఆటను గూర్చి ఏమైన అనుము, వాని పుట్టుకను గూర్చి అనకుము" అని ఒక్కడు చెప్పినచో, వెనుక పదిమంది తల యూచెదరు.

2019 జూను 9న లండనులో మనవారు ఆస్ట్రేలియా ఆటగాడు స్టీవ్ స్మిత్తును ఊళలతో వేధించుచుండగా, బ్యాటు పట్టియున్న విరాట్ కోహ్లీ వారి వైపు తిరిగి, చప్పట్లు కొట్టుడని సైగ చేసెను. స్మిత్తు బంతి పాడుచేసిన వ్యవహారములో తప్పు చేసి శిక్ష అనుభవించి వచ్చినవాడు. శిక్ష ముగిసినవానిని మరల శిక్షించుట తగదని కోహ్లీ భావము. 2021 జూలైలో యూరోపు కప్పు ఫైనలున ఇంగ్లండు ఓడగా, పెనాల్టీ తప్పిన ముగ్గురు నల్లజాతి యువకులపై దూషణ వర్షము కురిసెను. మాంచెస్టరు నగరమున వారిలో నొకడైన మార్కస్ రాష్‌ఫర్డు చిత్రమున్న గోడను ఎవరో చెరచిరి. ఆ పేటవారు, చిన్నపిల్లలు సైతము, ప్రేమవాక్యములు వ్రాసిన కాగితములను తెచ్చి ఆ గోడనిండ అంటించిరి. పోలీసులు వచ్చి చెప్పినందున చేసిన పని కాదది.

చేయదగిన పనులు

ఉపన్యాసములు విని ఇండ్లకు పోవుట మనకు అలవాటైనది. కావున ఈ మహాసభ యెదుట ఐదు సూచనలు ఉంచుచున్నాను. తగునని తోచినచో రేపటి తీర్మానములలో చేర్చుదురుగాక.

1. మన వసతి గృహములలో విద్యార్థులు కూడి టెలివిజనులో ఆట చూచునపుడు, ఏ ఆటగానినైనను జాతి, మత, కులములు ఎత్తి దూషింపరాదని నియమము పెట్టవలయును. వార్డెనులు దానిని హాజరు నియమమువలె పాటింపజేయవలయును.

2. మన సంఘము పేరున నడచు వాట్సాపు బృందములలో అట్టి దూషణను వ్రాసినవానిని పెద్దలు మొదట ఏకాంతమున మందలించి, మరల చేసినచో తొలగింపవలయును.

3. దేశము పక్షమున ఆడిన క్రీడాకారుని కులమును మన సంచికలలో ప్రకటించుట మానవలయును. మన సహాయముతో పెరిగినవారి విషయమున, చేసిన సహాయమును వ్రాయుదము. అది ఇతర దాతలకు ప్రోత్సాహమగును.

4. సన్మానములు గెలిచినవారికే పరిమితము కారాదు. రాష్ట్ర, జాతీయ పోటీలవరకు పోయి ఓడివచ్చిన బాలబాలికలను కూడ ఈ వేదికపైకి పిలువవలయును. ఓడినవానిని గౌరవించుట కన్నులార చూచిన పిల్లలు, ఓడినవానిని తిట్టుట నేర్వరు.

5. ఆటలపై పందెములు కట్టుటను మద్యపానముతో సమానమైన దురలవాటుగా మన ప్రచారకులు బోధింపవలయును.

సోదరులారా! వీనికి ధనము అక్కరలేదు, భవనము అక్కరలేదు. నోరు మంచిదైన ఊరు మంచిదని మన పెద్దలు చెప్పిరి. రేపు మన వసతి గృహమునుండియే ఒక బాలుడో బాలికయో పెద్ద మైదానమున అడుగిడవచ్చును. బంతి జారవచ్చును, గోలు తప్పవచ్చును. ఆ క్షణమున వేలాది జనము ఆ బిడ్డను ఏ పేరుతో పిలువవలెనని మనము కోరుదుమో, నేడు పరుల బిడ్డను ఆ పేరుతోనే పిలుచుట నేర్చుకొందము.

ఈ సూచనలు సభవారి విచారణకు అర్పించి విరమించుచున్నాను.